పిల్లికి బిచ్చం పెట్టని మా నాన్న, ఆయన రాసిన వడ్డీ ఖాతా: ఏం చేయమంటారు?

ట్యూషన్ టీచర్, సింగ్ నగర్:

అందరికీ నమస్కారం. మాది విజయవాడ, అజిత్ సింగ్ నగర్. అడగాల్సింది చిన్న విషయమే గానీ కాస్త వెనక నుంచి చెప్పకపోతే అర్థం కాదు. పొడుగైతే ఏమీ అనుకోకండి.

మా నాన్న ఓ కోఆపరేటివ్ బ్యాంకులో క్లర్కుగా చేసి రిటైరయ్యారు. మా చుట్టాల్లో ఆయన ప్రస్తావన వస్తే ముందొచ్చే మాట "పిల్లికి బిచ్చం పెట్టడు" అని. అందులో అబద్ధమేమీ లేదు. ఆటోవాడు పది రూపాయలు ఎక్కువ అడిగాడని పైపుల రోడ్డు దగ్గర దిగిపోయి, చేతిలో సంచులతో ఇంటిదాకా నడిచొచ్చే మనిషి. అరిగిపోయిన సబ్బు ముక్కని కొత్త సబ్బుకి అతికించందే స్నానానికి వెళ్ళరు. అలాంటాయన 2015లో ఒక పిల్లికి పెట్టడం మొదలుపెట్టి, పోయిన నెల అది పోయేదాకా పెడుతూనే ఉన్నారు.

దాని పేరు వడ్డీ. మా మెట్ల కింద ఒక వీధి పిల్లి ఈని, పది పదిహేను రోజులకి పిల్లల్ని ఒక్కొక్కటిగా నోట కరుచుకుని ఎటో మార్చేసింది. ఒకదాన్ని మాత్రం వదిలేసింది. అది రాత్రంతా అరుస్తుంటే, తెల్లారగానే బయట పారేసి రమ్మని అమ్మ గొడవ. నాన్న పేపరు మడిచి, "అసలు వెళ్ళిపోయింది, వడ్డీ మిగిలింది. చేతికొచ్చిన వడ్డీ ఎవరైనా వదులుకుంటారా?" అన్నారు. అంతే, పేరూ ఖాయమైంది, కాపురమూ ఖాయమైంది.

పసుపు చారల గండుపిల్లి. తోక చివర చిన్న వంకర. నేను ఇంట్లో ఆరు నుంచి పదో తరగతి దాకా లెక్కలు చెబుతాను. పిల్లలు పుస్తకాలు తెరిచిన క్షణం వచ్చి వాటి మీద పడుకునేది, అదీ చక్కగా రాసుకునే పిల్లల పుస్తకాల మీదే. ఓ పిల్లాడు కనిపెట్టాడు: చుట్టచుట్టుకుని పడుకుంటే చక్రవడ్డీ, కాళ్ళు బారచాపి పడుకుంటే బారువడ్డీ. ఆ తర్వాత ఏ బ్యాచ్‌కైనా ఆ పాఠం చెప్పేటప్పుడు నవ్వాపుకోవడం నా వల్ల కాలేదు.

ఇక అసలు సంగతి. మా ఇంట్లో గుడ్డు కూడా రాదు. మొదట్లో దానికి పెరుగన్నమే. ఏడాది తిరిగేసరికి పూజగది గోడల మీద ఉచ్చ చిమ్మడం మొదలుపెట్టింది, ఆపరేషన్ చేయించడానికి తీసుకెళ్ళాం. ఏం పెడుతున్నారని డాక్టరు అడిగి, నాన్న చెప్పిన జవాబు విని కళ్ళజోడు తీసి చూశాడు. పిల్లి పాలూ అన్నంతో బతికే జీవి కాదట, దానికి టారిన్ అని ఒకటి తిండిలోంచే రావాలట, అది మాంసం చేపల్లోనే ఉంటుందట, లేకపోతే కళ్ళూ గుండే దెబ్బతింటాయట. నాన్న ఇంటికొచ్చి ఆ సాయంత్రమంతా ఆలోచించారు. మర్నాడు పక్కవాటా పిన్నిగారితో ఒప్పందం చేసుకున్నారు. వాళ్ళు చేప తెచ్చుకున్న రోజున తల ముక్కలు ఉప్పూకారం లేకుండా ఉడికించి, ముళ్ళు తీసి, మా వెనక మెట్ల మీద పెట్టాలి. ఖర్చు నాన్నది. ఆ గిన్నె మా గుమ్మం దాటి లోపలికి రాకూడదు, అది అమ్మ షరతు.

ఆ ఖర్చు రాయడానికి ఓ పొడుగాటి ఖాతా పుస్తకం తెరిచారు. మొదటి పేజీలో "వడ్డీ ఖాతా" అని ఉంటుంది. జీవితంలో చేప అనే మాట రాయని చెయ్యి కాబట్టి, ఆ పద్దు ఎప్పుడూ "ఇతరములు – 20", "ఇతరములు – 30" అనే. అమ్మ ఆ పుస్తకం చూసినా ఏమీ అనకుండా ఉండే ఏర్పాటు కూడా అయ్యుండొచ్చు. పురుగుల మందు, రేబిస్ టీకా, గోళ్ళు గీరుకోవడానికి గోనెపట్టా, అన్నీ ఉన్నాయి. ఎడమ వైపు జమ. నేను చాలాకాలం ఆ వైపు ఖాళీ అనుకున్నాను. ఈమధ్య చూస్తే అక్కడ "ఎలుక – 1", "ఎలుక – 1", "జెర్రి – 1", ఒక చోట "పందికొక్కు (వాటాదారుల సహాయంతో) – 1". ఎదురుగా రూపాయల గడి ఖాళీ.

2024 సెప్టెంబర్ 1, ఆదివారం. బుడమేరు మా మీద పడిన రోజు. మాది కింద వాటా. చూస్తుండగానే నీళ్ళు మోకాళ్ళకి, నడుముకి వచ్చేశాయి, పైన ఓనర్ల ఇంటికి ఎక్కేశాం. నాన్న ఒక చేత్తో కాగితాల ఫైలు, ఇంకో చేత్తో కూరగాయల సంచి పట్టుకుని ఎక్కారు. సంచిలో వడ్డీ. ఫ్రిజ్జు, మంచాలు, నా బ్లాక్ బోర్డు అన్నీ నీళ్ళలో. డాబా మీద ఉన్నన్నాళ్ళూ హెలికాప్టర్ చప్పుడుకి అది వాటర్ ట్యాంకు దిమ్మ సందులోంచి బయటికి రాలేదు. పడవల్లో పులిహోర పొట్లాలు, పాల ప్యాకెట్లు వచ్చేవి. పులిహోర వాసన చూసి మొహం తిప్పుకుంటే, "ఎంత పొగరే నీకు" అని నాన్న నవ్వడం నాకు గుర్తు. ఆ డాబా మీద ఎవరం పెద్దగా నవ్వే స్థితిలో లేము. ఖాతా పుస్తకం కిందే ఉండిపోయి తడిసి ముద్దయింది. నీళ్ళు తీశాక ఆయన పేజీ పేజీ విడదీసి, కంకర రాళ్ళు పెట్టి ఎండబెట్టారు. బాల్ పెన్ను కాబట్టి అక్షరాలు బతికాయి. ఆ వారానికి తర్వాత ఎక్కించిన పద్దు: "పాలు – ప్రభుత్వం వారివి – 0".

ఈ వేసవిలో వడ్డీ నీళ్ళు ఎక్కువ తాగడం మొదలుపెట్టింది. బాత్రూంలో బకెట్ అంచెక్కి మరీ తాగేది. ఎండలకేమో అనుకున్నాం. సన్నబడింది, నోరు వాసన. రక్తపరీక్షలో క్రియాటినిన్ బాగా పెరిగిపోయి ఉంది, రెండు కిడ్నీలూ పోయాయన్నారు. చర్మం కింద సెలైన్ ఎక్కించడం నాన్న నేర్చుకున్నారు. మెడ వెనక చర్మం పైకి లాగి సూది గుచ్చాలి. నేనైతే పక్క గదిలోకి పోయేదాన్ని. అది ఆయన ఒళ్ళో మాత్రం కదలకుండా ఉండేది. కొన్ని వారాలు బాగానే గడిచాయి. ఆ తర్వాత తినడం మానేసింది.

నున్న దగ్గర మా మేనమామ వాళ్ళ మామిడి తోటలో పాతిపెట్టాం. ఆటోవాడు నాలుగొందలు అడిగాడు. నాన్న బేరం ఆడలేదు. "ఆటో – నున్న – 400". పుస్తకంలో అదే ఆఖరి పద్దు.

ఇప్పుడు సమస్య. నాన్న రోజూ ఆ పుస్తకం తీసి ఆఖరి పేజీ దగ్గర పెన్ను పట్టుకుని కూర్చుంటున్నారు. ప్రతి పేజీకీ కింద మొత్తం వేసి గీత కొట్టే మనిషి, ఈ పేజీకి వేయడం లేదు. మా బాబాయి ఫోన్ చేసి "ఏం అన్నయ్యా, మైల పట్టావా?" అని నవ్వాడట, అప్పట్నుంచి ఆయన ఫోన్ తీయడం లేదు. అమ్మ ఇంకా వెనక మెట్ల మీద పెరుగన్నం పెడుతోంది. కాకులకట.

అన్నయ్య హైదరాబాద్ నుంచి పర్షియన్ పిల్లిని పంపిస్తానంటున్నాడు. పంపించమనాలా? ఫోటో ఫ్రేము కట్టిస్తానంటే నాన్న వద్దన్నారు, "దండ వేసి దాన్ని దెయ్యం చేయకండి" అన్నారు. ఆ పుస్తకాన్ని స్కాన్ చేయించి, బైండింగ్ చేయించి ఇద్దామని నాకుంది, ఆయన్ని అడక్కుండా చేయొచ్చా? ఇంకొకటి, ఆయన నన్ను పదేపదే అడుగుతున్నది: "ముందే కనిపెట్టి ఉంటే బతికేదా?" దీనికి నా దగ్గర జవాబు లేదు. తెలిసినవాళ్ళు చెప్పండి.

గన్నవరం హాస్టల్ కుర్రాడు:

అక్కా, నేను గన్నవరం వెటర్నరీ కాలేజీలో నాలుగో ఏడాది చదువుతున్నా. మీ నాన్నగారి ప్రశ్నకి నాకు తెలిసినంత చెబుతా.

పిల్లుల పూర్వీకులు ఎడారి ప్రాంతాల జంతువులు. తక్కువ నీళ్ళతో, చిక్కటి మూత్రంతో గడిపేసే శరీరం వాటిది. కిడ్నీలు కొంచెం కొంచెం పాడవుతున్నా మిగిలిన భాగం ఆ పనంతా లాగించేస్తుంది. మూడింట రెండొంతులు పోయాక గానీ నీళ్ళు ఎక్కువ తాగడం కనిపించదు. మీరు చూసిన క్రియాటినిన్ అయితే దాదాపు ముప్పావు వంతు పోయాకే పెరుగుతుంది. ఎస్‌డీఎంఏ అని ఇంకో పరీక్ష ఉంది, అది కాస్త ముందు పసిగడుతుంది, కానీ అన్ని క్లినిక్కుల్లో చేయరు. ముందే తెలిసినా ఈ జబ్బుకి నయం కావడం అంటూ ఉండదు. ప్రత్యేకమైన తిండితో, నీళ్ళతో నెమ్మదింపజేయడమే. పైగా పిల్లి నొప్పిని దాచుకుంటుంది. కాబట్టి ఆయనతో ఈ మాట చెప్పండి: బకెట్ ఎక్కినప్పుడు చూసి పరీక్ష చేయించారు, బయటికి కనిపించే మొదటి గుర్తు అదే. వీధిలో పుట్టిన పిల్లి పిల్లల్లో చాలావాటికి మొదటి ఏడాదే దాటదు. మీది పదేళ్ళు బతికింది.

ఇంకో పిల్లి సంగతి: కిడ్నీతో పోయింది కాబట్టి ఇంట్లో అంటుకునేదేమీ మిగల్లేదు. అదే పాన్‌ల్యూకోపీనియాతో పోయుంటే ఆ వైరస్ ఏడాది దాకా ఇంట్లో బతికి ఉంటుంది, టీకా వేయని పిల్లని తేకూడదు.

ఇది చదివే మిగతావాళ్ళకి కూడా: పిల్లికి ఒళ్ళు వెచ్చగా ఉందని పారాసెటమాల్ వేయకండి. సగం బిళ్ళ చాలు చంపడానికి. చిగుళ్ళు నీలంగానో గోధుమరంగుగానో మారి, మొహం వాచి వస్తున్నాయి మా దగ్గరికి. అన్నట్టు, పసుపు పిల్లుల్లో ఐదింట నాలుగు గండువే ఉంటాయి, మీది ఆ లెక్కలోదే.

అరండల్‌పేట అత్తయ్య:

అమ్మాయ్, మీ నాన్నగారి గురించి చదువుతుంటే మా ఆయనే గుర్తొచ్చారు. మాది గుంటూరు. ఈయన మిర్చి యార్డులో ఓ కమిషన్ కొట్లో గుమాస్తా. సీజన్లో ఇంటికొస్తే బట్టల నిండా ఘాటు, ఇల్లంతా తుమ్ములే. బయట కుళాయి దగ్గర స్నానం చేసి లోపలికి రండి మహాప్రభో అని పెళ్ళైన దగ్గర్నుంచీ మొత్తుకున్నా. విన్నారా? మా పిల్లి బొబ్బట్టు వచ్చాక అది తుమ్మీ తుమ్మీ ముక్కు ఎర్రబడిపోతే, ఆ మర్నాటి నుంచీ బయటే స్నానం! నేను తుమ్మితే లేదు గానీ.

బొబ్బట్టు రోడ్డు మీద బండి కింద పడి పోయింది. వారం తిరక్కుండా మా ఆడపడుచు మంచి మనసుతోనే ఓ పిల్లని బుట్టలో పెట్టుకుని తెచ్చింది. నేను దానికి పాలు పోశాను గానీ ముట్టుకోలేకపోయాను. పాపం దాని తప్పేముంది. చివరికి కొరిటెపాడులో మా చెల్లెలి ఇంట్లో పెరిగింది. అందుకని చెబుతున్నా, మీ అన్నయ్యని ఆగమనండి. అందులోనూ పర్షియన్ ఒకటి! మన ఎండలకి ఆ బొచ్చుతో అది ఏసీ గది దాటదు. కరెంటు బిల్లు చూసి మీ నాన్నగారికి ఇంకో జబ్బు వస్తుంది.

పుస్తకం మాత్రం అడక్కుండా తీసుకెళ్ళొద్దు. స్కాన్ చేసే షాపులో ఎవడో పేజీ చింపితే ఏం చెబుతావు? అది ఆయన చేతిలో ఉండనీ. కాకులకి పెట్టే పెరుగన్నం సంగతి కూడా అమ్మని అడక్కు.

పాత రాజరాజేశ్వరిపేట:

కోపం తెచ్చుకోవద్దు, ఉన్నమాట అంటున్నా. అదే వరదలో మా కిరాణా కొట్టు మొత్తం పోయింది. పెసల బస్తాలు మొలకలెత్తాయి, వాసనకి వీధిలో నిలబడలేకపోయాం. మా పక్క సందులో పెద్దాయనకి రెండు రోజులు ఇన్సులిన్ అందలేదు. ఆ రోజుల గురించి మాట్లాడుతూ పిల్లికి పాలు దొరికాయి, పులిహోర తినలేదు అని రాస్తుంటే నాకు మింగుడుపడలేదు. మనుషుల లెక్కలే ఇంకా తేలలేదు. పెద్దాయన్ని ఏ గుడికో, పార్కుకో తీసుకెళ్ళండి, నలుగురిలో పడితే మర్చిపోతారు.

చక్రవడ్డీ, బారువడ్డీ మాటకి మాత్రం నవ్వొచ్చింది. మా అబ్బాయి ఏడో తరగతి, వాడికి చదివి వినిపించా.

ట్యూషన్ టీచర్, సింగ్ నగర్:

అన్నయ్యా, కోపం ఎందుకు. మీ కొట్టు ఏ వైపో నాకు తెలుసనుకుంటా, ఆ వీధి వాసన మేమూ పీల్చాం. మా ఓనర్ల డాబా మీద ఆరు కుటుంబాలం ఉన్నాం, పాలు ముందు చంటిపిల్లలకే వెళ్ళాయి. వడ్డీకి వచ్చింది ప్యాకెట్ కడిగిన నీళ్ళే. నాన్న దాన్ని "పాలు" అని రాసుకున్నారు, అది ఆయన గొప్ప. గుడికి తీసుకెళ్ళాను, చెప్పుల స్టాండులో టోకెన్ డబ్బులెందుకని గొడవపడి వచ్చారు. అంటే కాస్త కోలుకుంటున్నట్టే.

పటమట పాత ఆడిటర్:

అమ్మా, నేను ముప్పై ఏళ్ళు సొసైటీల, చిన్న బ్యాంకుల లెక్కలు తనిఖీ చేసినవాణ్ణి. మీ నాన్నగారి లాంటి క్లర్కుల చేతిరాత చూసే బతికాను. అందరూ ఆయన దుఃఖంతో మొత్తం వేయలేదని అనుకుంటున్నారు. అయ్యుండొచ్చు. కానీ నాకు ఇంకో అనుమానం.

జమ వైపు ఆయన ఎలుకలు ఎక్కించారు, ఎదురుగా రూపాయల గడి ఖాళీ వదిలారు అన్నారు కదా. జమకి విలువ కట్టకుండా ఖాతా ముగించడం పద్ధతి కాదు. ఖర్చు ఒక్కటే కూడి గీత కొడితే ఆ పిల్లి మొత్తం నష్టం కింద తేలుతుంది. పాతకాలపు క్లర్కు ఎవరూ తప్పుడు నిల్వ చూపించరు. ఆయన పెన్ను పట్టుకుని ఆగిపోతున్నది అక్కడేమో ఒకసారి అడిగి చూడండి. ఫోటో, ఫ్రేము, బైండింగ్ అని కాకుండా, "నాన్నా, ఎలుకకి ఎంత వేద్దాం?" అని అడగండి. నా పేరు చెప్పక్కర్లేదు, ఓ ఆడిటరు ఆక్షేపణ పెట్టాడని చెప్పండి. ఆ మాటకి ఏ బ్యాంకు క్లర్కైనా లేచి కూర్చుంటాడు.

ట్యూషన్ టీచర్, సింగ్ నగర్:

ఆడిటర్ గారూ, మీరు అన్నట్టే అడిగాను. "ఆక్షేపణా? ఎవడు వాడు?" అని కళ్ళజోడు వెతుక్కున్నారు. మీ మీద పెద్ద గౌరవమేమీ వ్యక్తం చేయలేదు, క్షమించండి. జమ విలువ వేయకపోవడం తన పొరపాటు కాదట, "వసూలు కావాల్సినవి" కింద ఉంచారట. కానీ భోజనం అయ్యాక పుస్తకం తీసి మొదటి నుంచీ ఎలుకలు లెక్కపెట్టడం మొదలుపెట్టారు. పందికొక్కు దగ్గర ఆగి, వాటాదారుల సహాయం ఉంది కాబట్టి సగమే మన జమకి వస్తుందన్నారు. అమ్మ వంటింట్లోంచి "ఆ పందికొక్కుని కర్రతో కొట్టింది నేను, ఆ సగం నాది" అంది. పోయిన నెల నుంచి వాళ్ళిద్దరూ వాదులాడుకోవడం ఇదే మొదటిసారి.

గన్నవరం తమ్ముడికి థాంక్స్. కిడ్నీల గురించి నువ్వు రాసింది మొత్తం చదివి వినిపించాను. రెండోసారి చదవమన్నారు. తర్వాత ఆ ప్రశ్న మళ్ళీ అడగలేదు. ఇంకొక సాయం కావాలి: ఇంటి ఎలుక రోజుకి ఎంత తింటుంది?

అత్తయ్యా, పర్షియన్‌ని వద్దని అన్నయ్యకి చెప్పేశాను. బాబాయి ఫోన్ మాత్రం ఇంకా తీయడం లేదు, దానికి నేనూ బలవంతం చేయను.

గన్నవరం హాస్టల్ కుర్రాడు:

బాగా ఎదిగిన ఎలుక అయితే రోజుకి ఇరవై, పాతిక గ్రాముల గింజలు తింటుంది అక్కా. తినే దానికన్నా కొరికి, పెంట చేసి పాడు చేసేది ఎక్కువ. అది కూడా వేసుకోమనండి.

ట్యూషన్ టీచర్, సింగ్ నగర్:

వేసుకున్నారు. పాడు చేసినదానికి వేరే పద్దు పెట్టారు. ఒక్కో ఎలుక దొరక్కపోయుంటే ఇంకెన్నాళ్ళు మన బియ్యం తినేదో అని నన్ను అడుగుతున్నారు, నేను ఆరు నెలలు వేయమన్నాను, ఆయన మూడు దగ్గర పట్టుబట్టారు, అంచనా ఎక్కువైతే ఆడిటరు ఒప్పుకోడట.

ఒక్కటే అడ్డం పడింది. మేము వాడేది బీపీటీ పాత బియ్యం. 2016లో, 2017లో విజయవాడలో కిలో ఎంత ఉండేదో ఎవరి దగ్గరైనా పాత బిల్లు ఉంటే చెప్పండి. మా ఇంటి చీటీలన్నీ వరదలో పోయాయి, ఉజ్జాయింపు రేటు ఆయన ఒప్పుకోవడం లేదు. రాజరాజేశ్వరిపేట అన్నయ్యా, మీరు కొట్టు నడిపారు కదా, మీకేమైనా గుర్తుందా?